ఛాతీ మీద చెయ్యి

ఆదివారం పొద్దున ఆరున్నరకి వాచీలాయన వంటింటి బల్ల మీద బేస్‌బాల్ మైదానం పరిచాడు. ఉప్పు డబ్బా హోం ప్లేటు, అంటే బ్యాటరు నిలబడేదీ, బేసులు చుట్టి వచ్చి తొక్కితే పరుగయ్యేదీ. మూడు గ్లాసులు మూడు బేసులు. రెండు వెల్లుల్లి రెబ్బలు రన్నర్లు. బల్లకి అవతల బావమరిది కూర్చున్నాడు. అతను బస్సు కండక్టరు. పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరూ జంట అంపైర్లు. వాచీలాయన ప్లేటు వెనక నిలబడతాడు, కండక్టరు బేసుల మధ్య.

ప్రతి ఆటకీ ముందు ఇలా పది నిమిషాలు కూర్చుంటారు. ఎవరు ఏ బేసు చూడాలి, బంతి దూరం పోతే ఎవరు వెంట వెళ్ళాలి, ఎవరు ఉండిపోవాలి, అన్నీ ముందే అనుకోవాలి. మైదానంలో అరిచి చెప్పుకుంటే ఆటగాళ్ళు వింటారు. అక్కడ అన్నీ సైగలే.

"ఒకటో బేసు మీద ఒకడు, రెండో బేసు మీద ఒకడు. ఇంకా రెండు ఔట్లు కాలేదు. అప్పుడు?" అన్నాడు వాచీలాయన.

"చెయ్యి ఛాతీ మీద," అన్నాడు కండక్టరు ఆవలిస్తూ.

అంటే, బంతి దగ్గర్లోనే గాల్లోకి లేస్తే ఎవరూ పట్టకముందే బ్యాటరుని ఔట్ అనేయాలి, గుర్తుందా అని. అలా అనకపోతే కింద ఉన్నవాడు బంతిని కావాలని జారవిడిచి ఒకరి బదులు ఇద్దర్ని ఔట్ చేస్తాడు.

"రెండు ఔట్లయ్యాయి. బేసుల మీద మనుషులున్నారు."

"మణికట్టు మీద రెండు వేళ్ళు."

అంటే, పరుగు ముందొచ్చిందా, మూడో ఔట్ ముందయిందా, కనిపెట్టి ఉండమని. మూడో ఔట్‌తో ఆ జట్టు వంతు ముగుస్తుంది కాబట్టి పరుగు ముందొస్తేనే లెక్కకి వస్తుంది. ప్లేటు దగ్గరున్నవాడు ఆ క్షణంలో కన్ను తిప్పకూడదు.

"సైగ అందితే?"

"అదే సైగ తిరిగివ్వాలి. పంతొమ్మిదేళ్ళ నుంచి ఇదే అడుగుతున్నావు బావా. మా డిపోలో కూడా ఇన్నిసార్లు అడగరు."

"అందిందో లేదో తెలియకపోతే సైగెందుకురా."

ఆ రోజు మామూలు ఆదివారం కాదు. ఆ నెలతో వాచీలాయనకి యాభై ఎనిమిది నిండాయి. యాభై ఎనిమిది నిండిన అంపైరు ఆటని బేస్‌బాల్ సంఘం తరఫున ఒక పరిశీలకుడు వచ్చి చూస్తాడు. పనికొస్తాడని రాస్తే ఇంకో మూడేళ్ళు. రాయకపోతే మొహానికి బంతి తగలకుండా పెట్టుకునే మాస్కు అప్పగించి ఇంటికి పోవడమే.

వాచీలాయన వారానికి ఆరు రోజులు కంటికి భూతద్దం బిగించుకుని గోరంత చక్రాల మీదికి వంగి ఉంటాడు. కొట్టులో ఆయన మాటకి విలువ లేదు. రేపివ్వమంటే రేపే అంటాడు, మొన్నివ్వాల్సింది కదా అంటే అవునంటాడు. ఏడో రోజు మాత్రం నడుం నిటారుగా నిలబెట్టి గట్టిగా ఒక మాట అంటాడు. రెండు జట్లు ఆ మాటకి తలవంచాలి. ఆ ఒక్క రోజు పోతే ఇక మిగిలేవి చక్రాలే. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. వారం నుంచి అన్నం సగమే తింటున్నాడు, అంతే.

ఈ మాటలు జరిగేప్పుడు ఆయన భార్య డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఒక్క ముక్క కూడా వినలేదు. విన్నా పట్టించుకునేది కాదు. నలుగురి చేత తిట్లు తినడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని ఆవిడ ప్రశ్న. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా మైదానం మొహం చూడలేదు.

ఆవిడ ఆసుపత్రిలో పేర్లు రాసుకునే కౌంటర్లో పని చేస్తుంది. ఆ గురువారం ఒకాయన వచ్చి పేరు చెప్పాడు. వయసెంతండీ అని అడిగితే జవాబు చెప్పకుండా ఛాతీ మీద చెయ్యి వేసుకుని అక్కడే కూలబడ్డాడు. బతికాడనుకోండి. కానీ ఆవిడకి ఆ చెయ్యి కళ్ళముందు నుంచి పోవడం లేదు. మర్నాడు పెద్ద నర్సు అందర్నీ నిలబెట్టి గుండెపోటు గుర్తులు చెప్పింది. ఛాతీ మీద చెయ్యి, ఒళ్ళంతా చెమట, మొహం తెల్లగా పాలిపోవడం. "మగవాళ్ళు చెప్పరు, దాస్తారు. దాస్తున్నాడంటే ఇంకా తొందరగా చూడాలి" అని కూడా చెప్పింది.

బావా బావమరిది వెళ్ళిపోయాక ఆవిడ బల్ల సర్దుతుంటే గ్లాసుల వెనక చిన్న బ్రష్షు కనిపించింది. ప్లేటు మీద మట్టి దులిపే బ్రష్షు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడుసార్లు చేసింది. ఇవాళ ఎవరో పెద్దమనిషి చూడడానికి వస్తున్నాడని తమ్ముడు అన్న మాట గుర్తొచ్చింది. విసుక్కుంటూనే వంట ముగించి, బ్రష్షు సంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఆవిడ చేరేసరికి ఆట ఆఖరి వంతుకి వచ్చింది. పసుపు చొక్కాల జట్టు బ్యాటింగ్. ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఒకటో బేసు మీద ఒకడు, రెండో బేసు మీద ఒకడు. ఒక ఔట్ అయింది. కంచె ఇవతల చిన్న షామియానా కింద పరిశీలకుడు ఒక్కడే కూర్చుని ఒళ్ళో కాగితాలు పెట్టుకుని రాసుకుంటున్నాడు. లావుపాటి మనిషి. ఎండ మండుతోంది.

వాచీలాయన ఎండలో, ఛాతీకి దిండంత కవచం కట్టుకుని, చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. బ్రష్షు లేక పొద్దుటి నుంచి జేబురుమాలుతో ప్లేటు దులిపాడు. ఇప్పుడు అదే రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. మొహం నిండా గీతల తాలూకు తెల్లటి సున్నప్పొడి అంటుకుంది. మాస్కు చంకలో పెట్టుకుని, బావమరిది వైపు తిరిగి, చెయ్యి ఛాతీ మీద వేసుకున్నాడు.

ఆవిడ చేతిలో సంచి జారి కింద పడింది.

పక్కన ఒకామె నిలబడి ఉంది. పసుపు జట్టులో ఆమె కొడుకు ఆడుతున్నాడు.

"అక్కడ నిలబడ్డాయన ఏం చేస్తున్నారండీ?" అని అడిగింది వాచీలాయన భార్య.

"ఏం చేస్తాడు. ఇందాక మావాణ్ణి కళ్ళు మూసుకుని ఔటిచ్చాడు. ఇప్పుడు మనస్సాక్షి ఎక్కడుందా అని తడుముకుంటున్నాడు."

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. వాడైనా బావ పరిస్థితి గమనించాడా అని. గమనించినట్టే ఉన్నాడు. బావ వైపే చూస్తూ వాడు కూడా నిదానంగా చెయ్యెత్తి ఛాతీ మీద వేసుకున్నాడు.

కింద పడ్డ సంచిలోంచి ఆవిడ బ్రష్షు తీసింది. కంచె పట్టుకుని బ్రష్షు పైకెత్తి ఊపింది. వాచీలాయనకి కనిపించింది. కానీ ఆట మధ్యలో అంపైరు కంచె వైపు చూడకూడదు. అందులోనూ పరిశీలకుడు చూస్తున్నాడు. చప్పున మొహం తిప్పేసుకున్నాడు.

"దాస్తున్నారు," అంది ఆవిడ తనలో తను.

ఈలోగా ఇంకో బ్యాటరు ఔటయ్యాడు. రెండు ఔట్లు. వాచీలాయన ఎడమ చెయ్యి చాపి మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించాడు. అక్కడ ఆమె తమ్ముడు కూడా తన మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని తలాడించుకున్నారు. ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు పని చేసిన మనిషికి నాడి చూసుకోవడం ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. ఆవిడ ఫోన్ తీసింది.

"అత్యవసర విభాగమా? నేను కౌంటర్ నుంచి. కాదు, ఇవాళ నాకు సెలవు. మైదానం దగ్గరున్నా. అంబులెన్స్ పంపండి. గుండెపోటు."

"ఎవరికి మేడమ్?" అంది అవతలి నర్సు.

"మా ఆయనకి. మా తమ్ముడికి."

"ఒకరి పేరు చెప్పండి మేడమ్, రాసుకోవాలి."

"ఇద్దరికీనమ్మా."

"ఇద్దరికీ ఒకేసారా?"

"మా ఆయనకి ముందొచ్చింది. ఆయన్ని చూసి మావాడికొచ్చింది."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"నిలబడే ఉన్నారు. ఎవరి నాడి వాళ్ళే చూసుకుంటున్నారు."

నర్సు ఇద్దరని రాసుకుంది. తర్వాత పంపిస్తున్నామంది.

అంబులెన్స్ వచ్చేదాకా ఆగే ఓపిక ఆవిడకి లేదు. మూడో బేసు పక్కన చిన్న గేటు ఉంది. గడియ తీసి లోపలికి నడిచింది. నడక రెండడుగుల్లో పరుగయింది.

సరిగ్గా అప్పుడే బ్యాటరు బంతిని బలంగా కొట్టాడు. బంతి దూరంగా పడింది. రెండో బేసు మీదున్న పసుపు చొక్కావాడు మూడో బేసు దాటుకుని ప్లేటు వైపు దూసుకొచ్చాడు. వెనకవాడు మూడో బేసుకి పరిగెత్తాడు. బంతి కూడా మూడో బేసుకే వచ్చింది. వెనకవాడికి బంతి తగిలించారు. కండక్టరు పిడికిలి ఎత్తాడు. మూడో ఔట్.

ఇక మిగిలింది ఒక్కటే. ముందువాడు ఆ ఔట్ కంటే ముందు ప్లేటు తొక్కాడా లేదా. తొక్కితే ఆట సమానం. లేకపోతే పసుపు జట్టు ఓడినట్టే. ఆ సంగతి చూడాల్సింది వాచీలాయన ఒక్కడే. ఆయన చూస్తున్న దిక్కు నుంచి రన్నరూ భార్యా ఇద్దరూ పక్కపక్కనే పరిగెత్తుకొచ్చారు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన కన్ను తిరిగింది. భార్యని చూశాడు.

రెండు జట్లూ ఆయన మీద పడ్డాయి. ఒక కోచ్ పరుగు ఇమ్మన్నాడు, ఇంకో కోచ్ ఇస్తే ఊరుకోనన్నాడు. వాచీలాయన అందర్నీ చేత్తో ఆపి, బావమరిదిని పిలిచి పక్కకి నడిచాడు. ఇలాంటప్పుడు అంపైర్లు ఇద్దరూ జనానికి వీపు పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలలు దగ్గర చేర్చి మాట్లాడుకోవాలి. మూడో మనిషి రాకూడదు. తలలు దగ్గర చేర్చాక చూసుకుంటే మూడున్నాయి.

"నువ్వు బయటికి వెళ్ళు. ఇది మేమిద్దరం మాట్లాడుకునే చోటు," అన్నాడు వాచీలాయన.

"నేనూ మాట్లాడ్డానికే వచ్చాను. చెయ్యి ఇటివ్వండి." ఆవిడ మణికట్టు పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "నోటికి చెయ్యి అడ్డమెందుకు పెట్టుకున్నారు, వాంతొస్తోందా?"

"జనం పెదాలు చూసి కనిపెట్టేస్తారక్కా," అన్నాడు కండక్టరు.

"నువ్వు మాట్లాడకురా. నీ సంగతి తర్వాత చూస్తా. కూర్చో."

"బావా, వాడు ముందు తొక్కాడా, వెనక తొక్కాడా?"

వాచీలాయన కళ్ళు ఆవిడ మీదికి పోయాయి. కండక్టరుకి అర్థమైంది. డ్రైవరు బస్సు దిగి వెళ్ళిపోతే కండక్టరు మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"చూడలేదా?"

"చూడలేదు."

"ఆ పసుపు చొక్కా అబ్బాయి గురించా?" అంది ఆవిడ లెక్క ఆపకుండానే. "నా పక్కనే పరిగెత్తాడు కదా. నేను చూశాను, వాడు..."

"చెప్పకు," అన్నాడు వాచీలాయన. "నువ్వు చెబితే నేను వినకూడదు."

"ఇంట్లో వినరు, ఇక్కడా వినరు."

"ఏదో ఒకటి చెప్పేయ్ బావా," అన్నాడు కండక్టరు గుసగుసగా. "అటు ఆయన రాసుకుంటున్నాడు. చూశానని చెప్పేయ్. ఎవరికి తెలుస్తుంది?"

వాచీలాయన చెయ్యి విడిపించుకున్నాడు. కోచ్‌ల దగ్గరికి వెళ్ళి, అందరికీ వినిపించేలా చెప్పాడు.

"మూడో ఔట్ మేం చూశాం. పరుగు నేను చూడలేదు. చూడనిది ఇవ్వను. ఆట అయిపోయింది."

చూడలేదని అంపైరు నోటితో చెప్పగా అక్కడున్నవాళ్ళెవరూ అంతకుముందెప్పుడూ వినలేదు. గెలిచిన నీలం చొక్కాల వాళ్ళు కూడా ఎగరడం మరిచిపోయి నిలబడ్డారు. కంచె దగ్గర ఇందాకటి తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. షామియానా కింద పరిశీలకుడు కలం వదిలేసి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

అందరికంటే ముందు అది వాచీలాయనకి కనిపించింది. ఇప్పుడు ఆ సైగ ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. ఆట అయిపోయింది, బేసులు ఖాళీ. కానీ అందిన సైగ తిరిగివ్వాలి. ఆయన చెయ్యి ఛాతీ మీద వేసుకున్నాడు. కండక్టరు కూడా వేసుకున్నాడు.

"మెచ్చుకుంటున్నాడు బావా," అన్నాడు కండక్టరు.

అప్పుడే అంబులెన్స్ పెద్ద గేటు లోంచి మైదానంలోకి వచ్చేసింది. నర్సు కాగితం పట్టుకుని దిగి, "పేషెంట్లు ఇద్దరన్నారు" అంది. ఛాతీ మీద చేతులతో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇక అడగాల్సిన పని లేకపోయింది. మనుషులు వచ్చి వాచీలాయన్ని ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి పట్టీలు బిగించారు.

"నాకేం లేదమ్మా," అన్నాడాయన.

"అందరూ అలాగే అంటారు," అంది నర్సు.

"అలాగే అంటారు," అంది భార్య.

పడుకున్న చోటు నుంచి ఆయనకి షామియానా కనిపిస్తోంది. పరిశీలకుడు ఇప్పుడు ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. వాచీలాయన పట్టీల కింద నుంచి కష్టపడి చేతులు బయటికి తీసి, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి చూపించాడు.

"నాడి తప్పుతున్నట్టుంది," అంది నర్సు. "ఎత్తండి తొందరగా."

"ఇతనికీ మొదలైంది," అన్నాడు స్ట్రెచర్ పట్టుకున్నతను కండక్టరుని చూపిస్తూ. కండక్టరు కూడా మణికట్టు పట్టుకునే ఉన్నాడు.

వాచీలాయన భార్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇద్దరి చూపూ ఒక దిక్కుకే ఉంది.

"ఎవరికి చూపిస్తున్నార్రా మీరిద్దరూ?"

"పరిశీలకుడికక్కా. ఆయన సైగ ఇచ్చాడు, మేం తిరిగిచ్చాం. ఆటలో పద్ధతి అది. పొద్దుట్నుంచీ చేస్తున్నది అదే."

"పొద్దుట్నుంచీ చేస్తున్నది సైగా?"

"సైగే."

ఆవిడ ఒక క్షణం కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"ఆయన ఆటలో ఉన్నాడా?"

"లేడు."

"మరి ఆయనెందుకు ఇస్తున్నాడు సైగ?"

షామియానా కింద పరిశీలకుడు మూడోసారి చెయ్యెత్తబోయి, కాగితాలతో సహా కుర్చీలోంచి పక్కకి ఒరిగాడు. పాపం ఆయన రెండుసార్లు ప్రాణం పోతోందని చెప్పుకున్నాడు. రెండుసార్లూ మర్యాదగా జవాబొచ్చింది.

వాచీలాయన పట్టీలు తనే ఊడదీసుకుని దిగాడు. వాచీ విప్పే చేతులు కాబట్టి అవి తొందరగానే ఊడొచ్చాయి. స్ట్రెచర్ అటు పరిగెత్తింది. వెనక ఆవిడ, ఆవిడ వెనక బావా బావమరిది.

పావుగంటలో పరిశీలకుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. అంబులెన్స్ ముందే వచ్చి ఉండడం అదృష్టమన్నాడు. ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు అని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. పరిశీలకుడు మంచం మీద పడుకునే రాసి పంపించాడట. ఫలితం గురించి ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. ప్రాణం పోసిన ఇల్లు. కండక్టరు డ్యూటీ నుంచి నేరుగా వచ్చి కూర్చున్నాడు. వాచీలాయన కవరు చించి చదివి, కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. ఆవిడ లాక్కుని చదివింది. అందులో రెండే రెండు వాక్యాలు ఉన్నాయి. కీలక సమయంలో ప్లేటు మీద నుంచి దృష్టి మళ్ళించారు. కొనసాగించనక్కర్లేదు.

ఆవిడ కాగితం తిప్పి వెనక కూడా చూసింది.

"మనిషేనా ఆయన?" అంది చివరికి.

"నిజమే రాశాడు," అన్నాడు వాచీలాయన. "నేనైనా అదే రాసేవాణ్ణి."

తర్వాత లేచి మాస్కు తెచ్చి, పట్టీలు తుడిచి, ఇచ్చెయ్యడానికి సంచిలో పెట్టాడు. ఆవిడ ఆ తుడవడం చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒక వస్తువుని అంతసేపు తుడవడం ఆవిడ చూడలేదు. సంచి ఆయన చేతిలోంచి తీసుకుంది. మర్నాడు పొద్దున కౌంటర్లో సెలవు పెట్టి సంఘం ఆఫీసుకి వెళ్ళింది.

"రూలు రూలే కదమ్మా," అన్నాడు కార్యదర్శి. "ఆయన ప్లేటు మీంచి కన్ను తిప్పారు. ఆయనే ఒప్పుకున్నారు."

"ఎవర్ని చూసి తిప్పారు?"

"మిమ్మల్ని చూసే."

"పంతొమ్మిదేళ్ళయింది అయ్యా ఆయన మీ ఆటకి రాబట్టి. ఆదివారం ఆయన నా వైపు కన్ను తిప్పడం అదే మొదలు. ఆ ఒక్కదానికే పీకేస్తారా?"

కార్యదర్శికీ ఇంట్లో భార్య ఉంది. ఆయన తల దించుకున్నాడు.

"పోనీ, చూడలేదని ఒప్పుకున్న అంపైరు ఇంకొకణ్ణి చూపించండి," అంది ఆవిడ. "చూపిస్తే నేను వెళ్ళిపోతాను." మాస్కు సంచి ఆయన బల్ల మీద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంది. భోజనాల వేళ దాటేదాకా కూర్చుంది. కార్యదర్శి ఎవరినీ చూపించలేకపోయాడు.

శనివారం సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వాచీలాయన పైకి చదివాడు. వచ్చే ఆదివారం మళ్ళీ పరీక్ష. కొత్త పరిశీలకుడు వస్తాడు. షరతు ఒక్కటే. అంపైరు గారి కుటుంబ సభ్యులు గానీ బంధువులు గానీ ఎవరూ ఆ రోజు కంచె దాటి లోపలికి రాకూడదు.

"న్యాయంగా ఉంది," అన్నాడు కండక్టరు ఊపిరి పీల్చుకుని. "అక్క బయటుంటే మనిద్దరం హాయిగా చేసుకోవచ్చు బావా."

వాచీలాయన ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత తలెత్తి బావమరిదిని చూశాడు.

"ఒరేయ్, నువ్వు నాకేమవుతావు?"

"సొంత బావమరిదిని," అన్నాడు కండక్టరు గర్వంగా.